తొలి నవల - తొలి చదువరి

రాయపూర్ నగరంలోని శంకర్ నగర్‌లో నేనుంటున్న ఇంటికి గత వేసవిలో ఒక యువకుడు వచ్చాడు. రైల్వేలో చిరుద్యోగి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఆయన ముత్తాతగారు విజయనగరం ప్రాంతం నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. 1931లో విజయనగరం - రాయపూర్ రైలుమార్గం పూర్తయిన తర్వాత ఇటువంటి కుటుంబాలు అనేకం ఈ ప్రాంతానికి చేరాయి. 1950లలో భిలాయి ఉక్కు కర్మాగారం మరికొందరిని రప్పించింది. ఆ యువకుని చేతిసంచిలో నాలుగు వందల పుటలకు పైబడిన నవల వ్రాతప్రతి ఉన్నది. దానితోపాటు మరొక కాగితం కూడా ఉన్నది. అది భవిష్యనిధి నుంచి సొమ్ము తీసుకోవడానికి పూర్తిచేసిన దరఖాస్తు.

"మాస్టారూ, వెయ్యి ప్రతులు వేయిద్దామనుకుంటున్నాను. హైదరాబాదులో వేయించమంటారా, విజయవాడలోనా?" అని అడిగాడు.

ఔత్సాహిక నవలాకారులు అడిగే ప్రశ్న నేడు సరిగ్గా ఈ రూపంలోనే ఉంటున్నది. ఎవరు వేస్తారు, ఎంతవుతుంది, ఎన్నాళ్లలో చేతికి వస్తుంది అని అడుగుతారే కాని, అచ్చుకు ముందు ఎవరు చదువుతారని అడిగేవారు అరుదు. ముద్రణ కష్టంగా ఉన్న రోజుల్లో ఆ ప్రశ్న అడగనవసరం లేకపోయింది. ఎవరో ఒకరు చదివి ఒప్పుకుంటే తప్ప రచన అచ్చు కాలేదు కనుక చదువరి దానంతట అదే దొరికేవాడు. నేడు ముద్రణ సులభమైంది. కోరినన్ని ప్రతులు, యాభై అయినా సరే, వేసి ఇచ్చే సౌకర్యం వచ్చింది. అయితే అచ్చుకు ముందరి చదువరి మాత్రం మాయమయ్యాడు. ఆ లోటును నవలాకారుడు తానే పూరించుకోవలసి ఉన్నదన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం.

తెలుగు నవల అచ్చుకెక్కిన దారులను ఒకసారి గమనిస్తే ఇది స్పష్టమవుతుంది. కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన స్వంత పత్రిక 'వివేకవర్ధని'లో వెలువడి, 1880లో గ్రంథరూపం దాల్చింది. అంటే మన తొలి నవలల్లో ప్రసిద్ధమైనది రచయిత స్వయంగా ప్రకటించుకున్నదే. స్వీయ ప్రచురణను చిన్నచూపు చూసేవారు ఈ సంగతి మరువరాదు. కాని పంతులుగారు దానిని మొదట పత్రికాపాఠకుల ముందుంచి, ఆ తర్వాతనే పుస్తకం చేశారన్నది అంతకంటె గమనార్హం. న్యాపతి సుబ్బారావుగారి 'చింతామణి' పత్రిక 1890లలో నవలల పోటీలు నిర్వహించినప్పుడు, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'రామచంద్రవిజయము' వంటివి పరీక్షకుల ముందుకు వెళ్లి, బహుమతి పొంది పాఠకులకు చేరాయి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథవారి 'వేయిపడగలు', అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతిని పంచుకున్న విషయం పాఠకులకు విదితమే. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' 1922లో రాయవేలూరు చెరసాలలో రూపుదిద్దుకున్నది; అచ్చయ్యాక మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. ఆ చదువరి సర్కారు వారు! ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం.

స్వాతంత్ర్యానంతరం ఈ పని ప్రధానంగా వారపత్రికలకు సంక్రమించింది. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, తర్వాత ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ వంటి మాసపత్రికలు లేకుండా 1960, 70 దశకాల నవలను ఊహించలేము. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' జ్యోతిలోను, రంగనాయకమ్మగారి 'బలిపీఠం' ఆంధ్రప్రభలోను ధారావాహికలుగా వచ్చి ఇంటింటా చర్చనీయాంశాలైనవి. ధారావాహికలు పాఠకుని ఊరించే పద్ధతులను పెంచాయన్న విమర్శలో సత్యం లేకపోలేదు. వారం వారం కథను ఉత్కంఠ దగ్గర తుంచవలసి రావడంతో నవలా శిల్పం దెబ్బతిన్న సందర్భాలు కోకొల్లలు. అయినప్పటికీ పత్రికా కార్యాలయంలో జీతం తీసుకుని చదివే మనిషి ఒకడుండేవాడు. మూడో ప్రకరణం మొదటికి తెండి, ఈ పాత్ర మధ్యలో ఏమైపోయింది అని ఒక కార్డు ముక్క రాసేవాడు. తిరుగు తపాలా బిళ్లలు జతపరిస్తే వ్రాతప్రతిని తిప్పి పంపేవాడు. ఆ తిప్పి పంపడం కూడా ఒక విద్యాభ్యాసమే. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ వారపత్రికలు నేడు లేవు. నెలకొక నవలను అందిస్తూ వచ్చిన 'చతుర' మాసపత్రిక, 'నవ్య' వారపత్రిక 2020, 21 ప్రాంతంలో ఆగిపోయాయి. ఒక్క 'చతుర' లేకపోవడం వల్లనే ఏడాదికి పన్నెండు చిన్న నవలలకు చోటు పోయింది.

దూరాన ఉన్న రచయితకు చదువరి ఎంత అవసరమో చెప్పడానికి ఆర్.కె. నారాయణ్ ఉదంతం చాలు. మైసూరులో కూర్చుని రాసిన తొలి నవల ఒకదాని తర్వాత ఒకటిగా ప్రచురణకర్తల నుంచి తిరిగి వచ్చింది. విసిగిపోయిన నారాయణ్, ఇంగ్లండులో చదువుకుంటున్న మిత్రునికి, దానికొక రాయి కట్టి థేమ్స్ నదిలో పడవేయమని రాశారని చెబుతారు. మిత్రుడు ఆ పని చేయక వ్రాతప్రతిని గ్రాహం గ్రీన్‌కు చూపించాడు. 1935లో అది 'స్వామి అండ్ ఫ్రెండ్స్'గా వెలువడింది. ఇందులో అదృష్టం పాలు చాలా ఉన్నది, కాదనను. అయితే నారాయణ్‌కు ముందు దొరికినది ప్రచురణకర్త కాదు. ముద్రణాలయాలున్న ఊళ్లో, తన మాట విని చదవగలిగిన ఒక వ్యక్తి.

మన యువకుని నవలకు వస్తాను. రెండు వారాలు తీసుకుని చదివాను. కథ ఒక రైల్వే కుటుంబానిది, మూడు తరాలది. వస్తువు విలువైనది. కాని తొలి వంద పుటలు చదవడం నాకు కష్టమైంది. పాత్రలన్నీ పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నాయి. పార్వతీపురం వైపు నుంచి కాపురానికి వచ్చిన నాయనమ్మ, "నేను ప్రాతఃకాలమున అల్పాహారము సిద్ధపరచితిని" అన్న ధోరణిలో మాట్లాడుతుంది. ఏడో ప్రకరణంలో మాత్రం ఒకచోట, బహుశా పొరపాటున, ఆమె సొంత గొంతు బయటపడింది. పొద్దుటి చద్దన్నాన్ని ఆమె 'బాసీ' అంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో నీళ్లు పోసి ఉంచిన రాత్రి అన్నానికి అదే పేరు. "ఏటి" అంటుంది, "ఒగ్గేయ్" అంటుంది, ఆ నోటితోనే పక్కింటామెతో హిందీలో బేరమాడుతుంది. ఆ పుటన్నర చదువుతున్నప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

ఇది ఇలా ఎందుకు జరిగిందని అడిగితే, హైదరాబాదు ప్రచురణకర్తలు మంచి తెలుగు అడుగుతారని, బయటి రాష్ట్రంలో పెరిగినవాడికి తెలుగు రాదని అనుకుంటారేమోనని మొత్తం 'దిద్దాను' అన్నాడు. మొదటి ప్రతిలో నాయనమ్మ అంతటా అలాగే మాట్లాడేదట. దిద్దుబాటు అంతా జంకు వల్ల జరిగినది. ప్రవాసాంధ్ర రచయితల్లో ఈ జంకు విస్తారంగా కనిపిస్తుంది. ఖరగ్‌పూర్‌లోనో బరంపురంలోనో కూర్చుని కృష్ణా తీరపు తెలుగును అనుకరించే ప్రయత్నం జరుగుతూ ఉంటుంది. తెలుగు నవల గత నలభై ఏళ్లలో నేర్చుకున్నది దీనికి పూర్తిగా విరుద్ధమైన పాఠం. నిజామాబాదు ప్రాంతంలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ జీవించిన డాక్టర్ కేశవరెడ్డి తన చిత్తూరు పల్లె జీవితాన్ని వదులుకోలేదు. 'అతడు అడవిని జయించాడు' నిలిచినది అందుచేతనే. రాయపూర్ తెలుగు ఇంతవరకు నవలలో నేను చూడని తెలుగు. దానిని చెరిపివేసి పంపితే, ప్రచురణకర్త దగ్గర ఉన్న వంద వ్రాతప్రతుల్లో ఇది నూటొకటవది అవుతుంది. ఈ మాట చెప్పగల చదువరి అచ్చుకు ముందు దొరకడమా, అచ్చయ్యాక సమీక్షకుని రూపంలో ఎదురుపడడమా అన్నదే తేడా.

చదువరులను ఎంచుకోవడంలో కొంత వివేకం కావాలి. ఇంటివారు, కొలువులో తోటివారు మెచ్చుకుంటారు. అది సహజం, దానితో పని జరగదు. నవలలోని మాండలికాన్ని పుట్టినింటి భాషగా ఎరిగినవారొకరు, రచయితతో ఏ పరిచయమూ లేనివారొకరు ఉండాలి. రెండోవారు దొరకడమే కష్టం. సాహిత్య పత్రికలకు ఒకటి రెండు కథలు పంపి, వాటిపై స్పందించిన సంపాదకులతో ఉత్తరప్రత్యుత్తరాలు పెంచుకోవడం అందుకు పాత దారి. ఇప్పటికీ మంచి దారి. ప్రతిలిపి వంటి వేదికలపై ప్రకరణాలు పెట్టి చూడవచ్చునా అని అడిగేవారున్నారు. పెట్టవచ్చు, కాని అక్కడ లభించే అంకెలను అభిప్రాయాలుగా పొరబడరాదు. వేలమంది చూడడం, ఒకరు శ్రద్ధగా చదవడం ఒకటి కాదు. పైగా ఒకసారి బహిరంగంగా వెలువడిన రచనను పోటీలకు పంపడానికి నిబంధనలు అడ్డురావచ్చు.

ప్రచురణకర్తకు పంపేటప్పుడు మొత్తం నవలను ముందుగా విసరివేయడం వల్ల ప్రయోజనం లేదు. ఎవరు ఎటువంటి పుస్తకాలు వేస్తున్నారో వారి జాబితా చూడాలి. విశాలాంధ్ర, ఎమెస్కో, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, ఛాయ, ఆన్వీక్షికి - వీరిలో ఏ ఇద్దరి అభిరుచీ ఒకటి కాదు. ఒక పుట ఉత్తరం, రెండు పుటల కథాసారం, మొదటి మూడు ప్రకరణాలు సరిపోతాయి. కథాసారంలో ముగింపును దాచిపెట్టి 'తర్వాత ఏమైందో నవలలో చదవండి' అని రాసినవారిని నేనెరుగుదును. ప్రచురణకర్తతో దాగుడుమూతలు పనికిరావు. మరొక చిన్న విషయం, చిన్నదే అయినా ఎన్నో నవలలను పాడుచేసినది: అక్షరరూపం. పాత అను ఫాంట్లలో కూర్చిన ప్రతిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. మొదటి నుంచి యూనికోడ్‌లోనే ఉంచుకుని, ప్రూఫులు స్వయంగా ఒకసారి, ఇతరుల చేత ఒకసారి దిద్దించుకోవడం మేలు.

ఎంత పంపినా జవాబు రాకపోవచ్చు. అప్పుడు స్వంత ఖర్చు మాట వస్తుంది. నా అనుభవం ఒకటి చెప్పుకోక తప్పదు. పాతికేళ్ల కిందట నా నవల ఒకటి వెయ్యి ప్రతులు వేయించాను. ప్రచురణ సంస్థ పేరు అట్టమీద ఉన్నది. సొమ్ము పూర్తిగా నాది. అమ్మకాల బాధ్యత వారిదని నేననుకున్నాను, నాదని వారనుకున్నారు. కాగితం మీద ఏదీ లేదు. ఏడాదిన్నరకు ఆరు గోనెసంచులు రైలు పార్సిల్లో రాయపూర్ స్టేషనుకు వచ్చాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ మా ఇంటి అటక మీద ఉన్నాయి. ఆ యువకునికి చూపించాను కూడా. నవల గొప్పదని చెప్పను. కాని అమ్ముడుపోకపోవడానికి కారణం నవల కాదు. అది ఏ దుకాణానికీ వెళ్లలేదు.

స్వీయ ప్రచురణ తప్పు కాదు. రంగనాయకమ్మగారు తమ స్వీట్ హోం పబ్లికేషన్స్ ద్వారా తక్కువ వెలకు పుస్తకాలు తెచ్చి విస్తృత పాఠకలోకాన్ని నిలుపుకున్నారు. అయితే ఆమెకు పత్రికల ద్వారా ఏర్పడిన పాఠకులు అప్పటికే ఉన్నారు. తొలి నవలకు ఆ బలగం ఉండదు. అందుచేత ముద్రాపకుడు వేరు, ప్రచురణకర్త వేరు అన్న సంగతి ముందుగా గ్రహించాలి. సొమ్ము తీసుకుని అచ్చువేసి ఇచ్చేవాడు ముద్రాపకుడు, తన పేరేదైనా సరే. తన సొమ్ము పెట్టి, నష్టభయం తాను వహించి, రచయితకు రాయల్టీ చెల్లించేవాడు ప్రచురణకర్త. మొదటివాడిని రెండోవాడని భ్రమించి సొమ్ము చెల్లించడమే చేటు. వేయించక తప్పదనుకుంటే వంద ప్రతులతో ఆరంభించి, అవి పోయాక మళ్లీ వేయించుకోవచ్చు. వెయ్యి ప్రతుల లెక్క పాత లెటర్‌ప్రెస్ కాలం నాటి అలవాటు. నేటి యంత్రాలకు దానితో నిమిత్తం లేదు.

ఒప్పంద పత్రాన్ని గురించి మన రచయితల్లో ఒక సంకోచం ఉన్నది. కాగితం అడిగితే ఎదుటివారిని అనుమానించినట్లవుతుందని భావిస్తారు. మన దేశపు కాపీరైటు చట్టం, 1957, ఆ సంకోచాన్ని మన్నించదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు లిఖితపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఏ రచన, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రదేశానికి, ఎంత రాయల్టీ అన్నవి అందులో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రదేశం రాయకపోతే భారతదేశంగా భావించాలని చట్టమే చెబుతున్నది. హక్కు పొందినవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే, పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప, బదలాయింపు రద్దయినట్లే. రచయిత మరణానంతరం కూడా 60 సంవత్సరాలు హక్కు నిలిచి ఉంటుంది కాబట్టి 'సర్వహక్కులు' అన్న ఒక్క మాటపై సంతకం చేసేవాడు తన మనుమల సొత్తుపై కూడా సంతకం చేస్తున్నాడు. శ్రవణ పుస్తకం, ఎలక్ట్రానిక్ ప్రతి, చలనచిత్రం, అనువాదం - వీటిని వేర్వేరుగా పేర్కొనడం నేడు అత్యవసరం.

ఇదంతా అతిజాగ్రత్త అనుకునేవారికి ఇదే నగరంలోని ఉదాహరణ ఉన్నది. హిందీ నవలాకారులు వినోద్ కుమార్ శుక్ల రాయపూర్ వాస్తవ్యులు. 1979లో 'నౌకర్ కీ కమీజ్', 1997లో 'దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ' రాసి, రెండవదానికి 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందారు. అంతటి రచయిత 2022లో, తన పుస్తకాలకు వస్తున్న రాయల్టీ అత్యల్పమని బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. దానిపై హిందీ లోకంలో పెద్ద చర్చ జరిగింది. ఆ 1997 నాటి నవలనే మరొక ప్రచురణకర్త చేపట్టగా, 2025 సెప్టెంబరులో రాయపూర్ సభలో ఆయనకు 30 లక్షల రూపాయల రాయల్టీ చెక్కు అందజేసినట్లు పత్రికల్లో వచ్చింది. అదే ఏడాది జ్ఞానపీఠ పురస్కారం ప్రకటితమైంది. డిసెంబరులో ఆయన కన్నుమూశారు. నవల మారలేదు, ఒక అక్షరం మారలేదు. ప్రచురణ ఏర్పాటు మారింది.

పోటీల దారి నేటికీ మూతపడలేదు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, 1997లో చంద్రలతగారి 'రేగడి విత్తులు'కు బహుమతి ఇచ్చింది. 2017లో బండి నారాయణస్వామిగారి 'శప్తభూమి', 2019లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం' ఆ సంస్థ బహుమతులు పొందినవే. మొదటిది 2019లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నది. రెండవది 2021లో చలనచిత్రమైంది. ఇరువురూ రాయలసీమ ఉపాధ్యాయులు. వారి నవలలు అనంతపురం, కడప సీమల మాటతోనే గెలిచాయి. పోటీకి పంపడంలో మరొక లాభం ఉన్నది: గడువు తేదీ. పూర్తికాని నవలలను పూర్తిచేయించే శక్తి దానికున్నంతగా దేనికీ లేదు.

ఈ పత్రికను చదివే అధికారులకు ఒక మాట మనవి చేస్తాను. ప్రభుత్వాల వైపు నుంచి ప్రోత్సాహం లేదనలేము. సాహిత్య అకాడెమీ నవోదయ పథకం కింద యువ రచయితల తొలి పుస్తకాలను ప్రచురిస్తున్నది. 2011 నుంచి యువ పురస్కారాలు ఇస్తున్నది. 2021లో ప్రారంభించిన ప్రధానమంత్రి యువ పథకం ముప్పై ఏళ్లలోపు వారికి మార్గదర్శకులను సమకూర్చింది. ఈ చివరి అంశమే నాకు విలువైనదిగా తోస్తున్నది. ఎందుచేతనంటే అచ్చుఖర్చు ఇవ్వడం కంటె చదివే మనిషిని ఇవ్వడం ఎక్కువ మేలు. ముప్పై దాటినవారికీ, బయటి రాష్ట్రాల తెలుగువారికీ అటువంటి ఏర్పాటు కావాలి. ఏడాదికి పది వ్రాతప్రతులను ఇద్దరేసి చదివి, పుటల సంఖ్యలతో అభిప్రాయం రాసి పంపే పని ఏ అకాడెమీకైనా భారం కాదు. ఇక గ్రంథాలయాల కొనుగోళ్లు. ఆస్తిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను ఉన్న తెలుగునాట జిల్లా సంస్థలు పుస్తకాలు కొన్న సంవత్సరం చిన్న ప్రచురణకర్త బతుకుతాడు, కొనని సంవత్సరం కొత్త రచయితను తిప్పి పంపుతాడు. 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ సహాయంతో ఇతర రాష్ట్రాల గ్రంథాలయాలు తమ ఊరి అల్పసంఖ్యాక భాషల పుస్తకాలను కూడా కొంటే, రాయపూర్ నవల రాయపూర్‌లో చదవబడే వీలు కలుగుతుంది. నేను వెళ్లే ఒక గ్రంథాలయంలో తెలుగు అర ఒకటి ఉన్నది. అందులో చివరగా చేరిన నవల మా అమ్మాయి బడిలో ఉన్నప్పటిది.

యువకుడు భవిష్యనిధి దరఖాస్తును నా బల్ల మీదనే వదిలి వెళ్లాడు. మరచిపోయాడో, కావాలనే చేశాడో అడగలేదు. వానకాలమంతా పాత ప్రతిని వెదికి పట్టుకుని, సంభాషణలను మళ్లీ నాయనమ్మ నోటికి అప్పగించే పనిలో ఉన్నాడు. ఆమెకు ఎనభై దాటాయి, చదవడం రాదు. ప్రకరణాలు చదివి వినిపిస్తుంటే, తన మామగారు దిగిన స్టేషను రాయపూర్ కాదని, అంతకు ముందరి చిన్న స్టేషనని, అక్కడ నుంచి నడిచి వచ్చారని చెప్పిందట. దానితో మొదటి ప్రకరణం తిరిగి రాయవలసి వచ్చింది. అది పూర్తయ్యాక వ్రాతప్రతి విజయనగరంలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి వెళుతుంది. ఆమె నన్ను గాని ఆయనను గాని ఎరుగదు.